జనాకర్షక రాజకీయాల కాలంలో కొత్త పాటను నలుగురికీ వినిపించడం ఎలా

ముందు పాట వినాలి, తర్వాతే రాజకీయం మాట్లాడాలి. ఈ వరుస తారుమారైతే వచ్చినవాళ్లు పాటను పాటగా వినరు. అది తమ పార్టీకి అనుకూలమా, వ్యతిరేకమా అన్నదే చూస్తారు. హనుమకొండలో మా మేడ మీద నెలకొకసారి నలుగురం కూడి పాటలు విని, వాటి చుట్టూ ఉన్న రాజకీయాన్ని చర్చించుకునే సాయంత్రం పెడుతున్నాను. పదవీ విరమణ చేసేవరకు డిగ్రీ విద్యార్థులకు రాజనీతి శాస్త్రం చెప్పాను. జనాకర్షక రాజకీయం (పాపులిజం), అంటే తానే అసలైన ప్రజల గొంతునని చెప్పుకునే రాజకీయం గురించి గంటసేపు ఉపన్యసించినా అందని సంగతి కొన్నిసార్లు మూడు నిమిషాల పాటతో అందుతుంది. పదిమంది ఒకే మాటను ఒకే లయలో పలికితే తామంతా ఒకటేనన్న భావం పుడుతుంది. మంచి పాట చేసే పని అదే, జనాకర్షక నాయకుడు చేసే పనీ అదే. అందుకే ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి వినడం అవసరమని నేను గట్టిగా నమ్ముతున్నాను. మీరూ మీ ఊళ్లో మొదలుపెట్టాలనుకుంటే ఇది ఎలా చేయాలో నాకు తెలిసినంత చెబుతాను.

ఏ పాటలు తేవాలి

ఒక సాయంత్రానికి రెండు పాటలు చాలు, మూడు మించవద్దు. గత రెండు మూడేళ్లలో వచ్చినవైతే మంచిది. పాతదైనా మీ వాళ్లెవరూ విననిదైతే కొత్తదానికిందే లెక్క. రాజకీయం సంగతి పక్కన పెట్టినా మళ్లీ వినాలనిపించే పాటనే తీసుకోండి. ఉద్దేశం మంచిదే అయినా బాణీ నీరసంగా ఉన్న పాటను వినిపిస్తే, ఆ ఉద్దేశానికే అన్యాయం చేసినవాళ్లమవుతాం.

పాటలను జంటగా ఎంచుకోండి. ఒకటి అధికారం కోరే పక్షం పాడించుకున్నది, రెండోది దానికి ఎదురుగా నిలిచినది. లేదా రెండూ పోటీ పార్టీలవే కావచ్చు. మాకు బాగా పనికొచ్చిన జంట మా దగ్గరిదే. 2023 తెలంగాణ శాసనసభ ఎన్నికల్లో భారత రాష్ట్ర సమితికి ‘గులాబీల జెండలే రామక్క’, కాంగ్రెస్‌కు ‘మూడు రంగుల జెండా’ పాట ఊరూరా మోగాయి. రెండూ పల్లె పాట నడకలోనే సాగుతాయి. ఆ నెలల్లో పెళ్లి ఊరేగింపుల్లో కూడా జనం వాటికి చిందులు వేశారు. డిసెంబర్ 3న ఫలితాలు వచ్చాయి: 119 స్థానాల్లో కాంగ్రెస్‌కు 64, భారత రాష్ట్ర సమితికి 39.

ఈ అంకెలను పాటలు విన్న తర్వాతే చెప్పండి. పాటకు ఊగిన కాళ్లన్నీ ఆ పార్టీకే ఓటు వేయలేదన్న విషయం అప్పుడు అందరికీ స్పష్టంగా కనిపిస్తుంది. పాట హిట్టయింది కాబట్టి గాలి అటే ఉందని రాసే విశ్లేషణలు ప్రతి ఎన్నికలోనూ వస్తాయి. వాటిని నేను నమ్మను. జనం పాటను ఆనందిస్తారు, నాయకుణ్ని విడిగా తూకం వేస్తారు. డప్పు వాయించే ఒక కళాకారుడు మా సాయంత్రాలకు వస్తుంటారు. ఎవరు పిలిచినా వెళ్లి వాయిస్తామని, దరువు తమదని, జెండా మాత్రం వాళ్లదని ఆయన అన్న మాట నాకు ఏ పాఠ్యపుస్తకంలోనూ దొరకలేదు.

ఎలా వినిపించాలి

మొదటిసారి వీడియో లేకుండా వినిపించండి. ఇది చిన్న విషయంలా అనిపించవచ్చు గానీ చాలా ముఖ్యం. పార్టీ పాటల వీడియోల్లో నాయకుడి నడక, ఎత్తు నుంచి తీసిన జనసముద్రం, దండం పెట్టే వృద్ధురాలు ఉంటారు. ఆ దృశ్యాలు కళ్లముందుంటే చెవి పనిచేయదు. శబ్దం ఒక్కటే విన్నప్పుడు గొంతు ఎక్కడ హెచ్చింది, బృందగానం ఎక్కడ అందుకుంది, నాయకుడి పేరు లయలో ఏ చోట పడింది అన్నవి తెలుస్తాయి. రెండోసారి సాహిత్యం చేతికిచ్చి వినిపించండి. పరభాషా పాటైతే భావాన్ని మీ మాటల్లో నాలుగైదు వాక్యాలు రాసి ఇవ్వండి. పదానికి పదం అనువదించబోతే పాట చచ్చిపోతుంది. వీడియో చూపాలనుకుంటే మూడోసారి చూపండి.

రాసినవారి పేరు, స్వరపరిచినవారి పేరు, పాడినవారి పేరు తప్పక చెప్పండి. పాటను వాళ్లు స్వయంగా విడుదల చేసిన చోటు నుంచే వినిపించండి. ఈ మూడు పేర్లూ దొరకని పాట ఫోనుకు వస్తే పక్కన పెట్టేయండి. ఇప్పుడు కృత్రిమ మేధతో ఎవరి గొంతునైనా తయారు చేస్తున్నారు. కన్నుమూసిన ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గొంతును అనుమతి లేకుండా ఒక సినిమాలో అలా వాడారని 2024లో ఆయన కుటుంబం నోటీసు పంపిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. సినిమాలోనే అలా జరిగితే ఎన్నికల పాటల్లో జరగదన్న భరోసా ఏముంది?

పాట ఆగిన వెంటనే ఎవరినీ మాట్లాడనివ్వకండి. తలా ఒక కాగితం ఇచ్చి, విన్నదాంట్లో మనసుకు పట్టుకున్నది ఒక్క వాక్యంలో రాయమనండి. ముందుగా గొంతెత్తేవాళ్ల అభిప్రాయమే అందరి అభిప్రాయం కాకుండా ఇది ఆపుతుంది. మా వీధిలో బట్టలు కుట్టే ఆవిడ చర్చలో నోరు విప్పరు, కానీ ఆవిడ కాగితం మీది వాక్యమే చాలాసార్లు చర్చను దారిలో పెట్టింది.

నేపథ్యం ఎంత చెప్పాలి

ఐదు నిమిషాలకు మించకుండా, కథలా చెప్పాలి. ఒక ఉదాహరణ ఇస్తాను.

2020 ఏప్రిల్ 10. పోలండ్‌లో కరోనా ఆంక్షల వల్ల శ్మశానవాటికలను మూసేశారు. మామూలు జనం తమవాళ్ల సమాధుల దగ్గరికి వెళ్లలేని రోజులవి. సరిగ్గా పదేళ్ల కిందట స్మొలెన్స్క్ విమాన ప్రమాదంలో అధ్యక్షుడు లెఖ్ కచిన్స్కితో సహా 96 మంది మరణించారు. ఆయన కవల సోదరుడు, అప్పటి పాలక పక్షాన్ని నడిపించిన యారొస్వాఫ్ కచిన్స్కి ఆ వర్ధంతి రోజున వార్సాలో మూసి ఉన్న శ్మశానవాటికలోకి వెళ్లారు. ‘నిజమైన పోలిష్ ప్రజల’ పేరుతో రాజకీయం చేసే నాయకుడు, ఆ ప్రజలకు మూసిన తలుపును తన కోసం తెరిపించుకున్నారు. కాజిక్ స్తషెవ్‌స్కి అనే రాక్ గాయకుడు దీని మీద పాట కట్టాడు. నీ బాధ నా బాధ కంటే గొప్పది అన్నదే దాని పేరు. పాటలో నాయకుడి పేరు లేదు. మే 15న అది ప్రభుత్వ రేడియో ‘త్రూయ్‌కా’లో, 1982 నుంచి శ్రోతల ఓట్లతో నడుస్తున్న పాటల పట్టికలో మొదటి స్థానానికి వచ్చింది. ఓటింగులో అక్రమాలు జరిగాయని యాజమాన్యం ఆ వారం ఫలితాన్నే రద్దు చేసింది. ఆ కార్యక్రమాన్ని మొదలుపెట్టి ఏళ్లపాటు నడిపిన మారెక్ నెడ్జ్వెత్స్కి రేడియో వదిలి వెళ్లిపోయారు. బయటికొచ్చిన పాత్రికేయులు శ్రోతల చందాలతో కొత్త రేడియోలు పెట్టుకున్నారు.

ఇంతే చెప్పి ఆపాను. పోలండ్ పార్టీల చరిత్రలోకి వెళ్లలేదు. చెప్పాల్సిన అవసరమూ రాలేదు, ఎందుకంటే కరోనా రోజుల్లో తండ్రి అంత్యక్రియలకు వెళ్లలేకపోయిన మనిషి ఆ రోజు మా మధ్యే ఉన్నారు. పాట భాష అర్థం కాకుండానే ఆయన మొత్తం పాటను అర్థం చేసుకున్నారు.

చర్చ జారిపోకుండా

మన దగ్గర జనాకర్షణ అనగానే మాట ఉచిత పథకాల మీదికి వెళ్తుంది. రెండు రూపాయలకు కిలో బియ్యంతో మొదలై నేటి బస్సు ప్రయాణాల దాకా వాదన సాగుతుంది, పాట మరుగున పడుతుంది. ఇక్కడ నిర్వాహకులు గట్టిగా నిలబడాలి. ఆకలితో ఉన్నవాడికి బియ్యం ఇవ్వడంలో తప్పేమీ లేదని నా అభిప్రాయం. అది మంచి పథకమా, ఖజానా మోయగలదా అన్నది వేరే చర్చ. డచ్ పండితుడు కాస్ ముద్దె చెప్పిన నిర్వచనం ఇక్కడ ఉపయోగపడుతుంది: సమాజాన్ని స్వచ్ఛమైన ప్రజలు, చెడిపోయిన పెద్దలు అని రెండుగా చీల్చి చూపడమే జనాకర్షక రాజకీయం. జర్మన్ పండితుడు యాన్ వెర్నర్ మ్యూలర్ ఇంకో మెట్టు ముందుకెళ్లి, ప్రజలకు అసలైన ప్రతినిధిని నేనొక్కణ్నే అనడమే దాని అసలు గుర్తు అంటాడు.

ఈ గీటురాయి మీద 1982ను కూడా పరీక్షించవచ్చు. ఐదేళ్లలో కాంగ్రెస్ అధిష్ఠానం నలుగురు ముఖ్యమంత్రులను చూపించిన రాష్ట్రంలో, మార్చి 29న పార్టీ పెట్టిన ఎన్టీ రామారావు తెలుగువారి ఆత్మగౌరవం అనే మాటతో 1983 జనవరికల్లా అధికారంలోకి వచ్చారు. ఆ కోపానికి నిజమైన కారణం ఉంది. కారణం నిజమైనంత మాత్రాన, ఒక మనిషి గొంతే మొత్తం జాతి గొంతు అయిపోతుందా? ఈ ప్రశ్న దగ్గర మా మేడ మీద ఎప్పుడూ రెండు పక్షాలు ఏర్పడతాయి. ఏర్పడనివ్వండి.

నేను అడిగే ప్రశ్నలు ఇవి. పాటలో జనం ఎవరు? వాళ్లకు అన్యాయం చేసినది ఎవరని పాట చెబుతోంది? నాయకుడు జనం మధ్య ఉన్నాడా, పైన ఉన్నాడా? పాట ఎవరిని అసలు తలచుకోలేదు? చివరి ప్రశ్నకే ఎక్కువ సమయం ఇవ్వండి. మీరు ఏ పార్టీకి ఓటు వేశారని మాత్రం ఎవరినీ, ఎప్పుడూ అడగకండి.

ఎన్నికల సమయంలో ఇంకొంచెం జాగ్రత్త కావాలి. పోలింగ్ ముగియడానికి ముందున్న 48 గంటల్లో ప్రచారం నిషిద్ధం. ఆ రెండు రోజులూ పార్టీ పాటలు పెట్టవద్దు. రాత్రి పది దాటితే లౌడ్‌స్పీకర్ ఎలాగూ కుదరదు, నలుగురికి వినిపించే చిన్న స్పీకరు చాలు.

మర్నాడు పంపే చీటీ

మర్నాడు రానివాళ్లకు కూడా పాటను, దానితో ఒక చిన్న చీటీని పంపండి. పాట వివరాలు, పాటలో మీరు విన్న ఒక విశేషం, దాని చుట్టూ ఉన్న రాజకీయంలో ఒక వాస్తవం, మీ అభిప్రాయం ఉంటే చాలు. మీ అభిప్రాయాన్ని దాచవద్దు, దాన్ని చివర పెట్టండి. నేను పంపిన ఒక చీటీ ఇది:

“లాలి ఎస్పోసితో, ‘ఫనాతికో’, అర్జెంటీనా, 2024. నృత్యానికి కట్టిన పాట, గిటారు బరువుగా మోగుతుంది. 2023 ఆగస్టులో, అధ్యక్ష పదవికి అభ్యర్థులను ఎంచే ప్రాథమిక ఎన్నికల్లో రాజకీయ నాయకుడు హవియేర్ మిలేయ్ ముందంజ వేసిన రాత్రి, ఇది ప్రమాదకరమని, బాధాకరమని ఈ గాయని రాసింది. అధ్యక్షుడయ్యాక ఆయన ఆమె ఇంటిపేరును వంకరగా మార్చి, ప్రభుత్వ సొమ్ము తింటోందని ఎగతాళి చేశారు. ఆమెను ద్వేషిస్తూనే ఆమె నుంచి చూపు తిప్పుకోలేని అభిమాని గురించి ఈ పాట. ఆయన పేరెక్కడా లేదు. అదే ఏడాది మే 22న మిలేయ్ బ్యూనస్ ఐరిస్‌లోని లూనా పార్క్‌లో తన పుస్తకావిష్కరణ పెట్టుకుని, వేదిక మీద స్వయంగా రాక్ పాట పాడారు. రెండూ వినండి. దేశాధినేత ఒక గాయని పేరు పట్టుకుని వెక్కిరించడం అధికారాన్ని దిగజార్చడమేనని నా అభిప్రాయం. ఆమె పాటలో ప్రజలు లేరు, ఇద్దరు మనుషులే ఉన్నారు. అందుకే నాకు నచ్చింది.”

ఈ చీటీకి మా మేనకోడలు ఒప్పుకోలేదు. ప్రజాధనంతో జరిగే ఉత్సవాల్లో పారితోషికం తీసుకునే కళాకారులను ప్రశ్నించకూడదా అని పెద్ద జవాబే రాసింది. ఆ జవాబును కూడా అందరికీ పంపాను. మీ చీటీకి వచ్చిన అభ్యంతరాన్ని మీ మాటంత నిడివితో, కత్తిరించకుండా పంపండి.

వచ్చే నెల పాటలు ఎంచే పనిని అలా విభేదించిన వారికే అప్పగించండి. వాళ్లు తెచ్చే జంటకూ ఇవే నియమాలు: పాటగా నిలబడాలి, ముగ్గురి పేర్లూ ఉండాలి, మొదటిసారి వీడియో లేకుండా వినిపించాలి. పాటలు వారం ముందే మీకు పంపమనండి, భావం రాసి కాగితాలు తీయించడానికి ఆ మాత్రం సమయం కావాలి.