బీఎస్‌ఆర్ రికార్డ్ చేంజర్ మొరాయిస్తే: విప్పడం, కడగడం, సరిచేయడం

ఒకదాని మీద ఒకటి పేర్చిన రికార్డులను వరుసగా తానే మార్చి పాడించే యంత్రమే రికార్డ్ చేంజర్. బ్రిటన్‌లో తయారైన బీఎస్‌ఆర్ చేంజర్లు 1950, 60 దశకాల్లో డాన్సెట్ కంపెనీ ప్లేయర్లలోనూ, ఎన్నో రేడియోగ్రామ్‌లలోనూ (రేడియో, రికార్డ్ ప్లేయర్ కలిసిన పెట్టెలు) ఉండేవి. ఏళ్ల తరబడి మూలన పడి ఉన్న యూఏ8 మోడల్‌నో, యూఏ14నో దించి కరెంటు పెడితే ఎక్కువగా కనిపించే జబ్బులు రెండు. పాట అయిపోయినా ముల్లు చివరి గాడిలోనే తిరుగుతుంటుంది. లేదంటే ముల్లును మోసే ఆర్మ్ లేచి సగం దూరం వెళ్లి ఆగిపోతుంది. ఈ రెండింటికీ భాగాలు విరగడం కారణం కావడం అరుదు. చాలాసార్లు గ్రీజు ఎండి జిగురుగా మారడమే అసలు సమస్య. కాబట్టి ఏ రేకునూ వంచకండి, ఏ స్ప్రింగునూ బిగించకండి. ముందు కడగండి.

ప్లగ్ పీకేసి మొదలుపెట్టండి. ఆర్మ్‌ను దాని స్టాండుకు దారంతో కట్టండి. రికార్డు తిరిగే పళ్లెం మీది రబ్బరు మ్యాట్ తీస్తే స్పిండిల్ (మధ్యలోని కడ్డీ) చుట్టూ సి ఆకారపు క్లిప్ కనిపిస్తుంది. చిన్న స్క్రూడ్రైవర్‌తో దాన్ని పక్కకు నెట్టేటప్పుడు రెండో చేత్తో గుడ్డ కప్పి ఉంచండి, లేకపోతే ఎగిరిపోతుంది. పళ్లేన్ని నిటారుగా పైకి లాగండి. విప్పే ప్రతి దశలో ఫోన్‌తో ఫొటో తీసుకోండి. వాషర్ల వరుస తర్వాత గుర్తుండదు.

ఇప్పుడు కనిపించే పెద్ద పళ్లచక్రమే క్యామ్. దాని అంచును జాగ్రత్తగా చూడండి, ఒకచోట పళ్లు ఉండవు. పాట నడుస్తున్నంతసేపూ ఆ ఖాళీ పళ్లెం ఇరుసుకున్న చిన్న పళ్లచక్రానికి ఎదురుగా ఉంటుంది కాబట్టి క్యామ్ కదలదు. ఖాళీ పక్కనే క్యామ్ మీద ఒక పల్చటి మీట ఉంటుంది. అదే ట్రిప్ మీట. ఆర్మ్ లోపలికి జరిగే కొద్దీ ఈ మీటను ఇరుసు వైపు తోస్తుంది. ఇరుసు మీది చిన్న కొమ్ము ప్రతి చుట్టుకూ దాన్ని వెనక్కి తట్టేస్తుంది. ఎల్‌పీ పాటలో ఆర్మ్ చుట్టుకు దాదాపు 0.1 మి.మీ. మాత్రమే జరుగుతుంది కాబట్టి ఆ తట్టు సరిపోతుంది. చివరి గాడిలో ఒక్క చుట్టుకే కొన్ని మిల్లీమీటర్లు జరిగేసరికి మీట బాగా ముందుకొచ్చి కొమ్ముకు ఎదురుపడుతుంది. కొమ్ము దాన్ని గట్టిగా తోసి క్యామ్‌ను కాస్త తిప్పుతుంది, పళ్లు కలుస్తాయి, మార్పిడి (ఆర్మ్ లేచి పక్కకు వెళ్లడం, తర్వాతి రికార్డు పడటం) మొదలవుతుంది.

ఇంత పనీ రికార్డు గాడి ఇచ్చే అతి స్వల్పమైన బలంతోనే జరగాలి. అందుకే ట్రిప్ మీటకు గ్రీజు, నూనె ఏదీ పెట్టకూడదు. మీటను వేలితో కదిపితే ఊదినంత తేలికగా కదలాలి. బిగుసుకుని ఉంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన ఇయర్ బడ్‌తో మీట తిరిగే కీలు చుట్టూ తుడిచి, ఆరనిచ్చి, పొడిగానే వదిలేయండి. ట్రిప్ పడటం లేదని కొందరు ఆర్మ్ బరువు పెంచేస్తారు. దానివల్ల రికార్డు అరిగిపోవడమే తప్ప మీట బిగువు తగ్గదు. అన్నట్టు, చివరి గాడి లేని మరీ పాత 78 రికార్డులకు ట్రిప్ పడకపోతే అది యంత్రం లోపం కాదు.

క్యామ్‌ను తీయాల్సి వస్తే దాని స్థానం తెలిసేలా ఛాసిస్ మీద మార్కర్‌తో గుర్తు పెట్టండి. అడుగు గాడుల్లోని పాత గ్రీజును పుల్లతో గీరి, కిరోసిన్‌తో కడిగి, ఆల్కహాల్‌తో ముగించండి. ప్లాస్టిక్ భాగాలకు థిన్నర్, పెట్రోల్ తగలనివ్వకండి. గాడుల్లోనూ, జారే రేకుల మీదా లిథియం గ్రీజు పల్చగా రాస్తే చాలు. డబ్ల్యూడీ-40 మాత్రం చల్లకండి, అది పాకి రబ్బరు దాకా వెళ్తుంది.

ఆర్మ్ సగంలో ఆగడానికి ఐడ్లర్ చక్రం (మోటారు పుల్లీ తిప్పుడును పళ్లేనికి అందించే రబ్బరు అంచు చక్రం) జారడం ఇంకో కారణం. మామూలుగా పాడేటప్పుడు వేగం బాగానే ఉంటుంది. మార్పిడిలో బరువు పెరగగానే పళ్లెం నిలిచిపోతుంది. రబ్బరు అంచు, మోటారు పుల్లీ మెట్లు, పళ్లెం లోపలి అంచు మూడింటినీ ఆల్కహాల్‌తో తుడవండి. రబ్బరు మెరుస్తూ గట్టిపడితే 400 నంబరు గరుకు కాగితంతో తేలికగా రుద్దండి. పగుళ్లు ఉంటే కొత్తది వేయాల్సిందే. మోటారు బేరింగులకు పైనా కిందా కుట్టు మిషన్ నూనె రెండేసి చుక్కలు వేయండి.

పళ్లెం బిగించాక, కరెంటు పెట్టకుండానే స్టార్ట్ మీట నొక్కి పళ్లేన్ని చేత్తో గడియారం ముల్లు దిశలో నెమ్మదిగా తిప్పండి. వెనక్కి తిప్పితే మీటలు ఇరుక్కుంటాయి. ఎక్కడ బిగువు తగులుతుందో చేతికే తెలుస్తుంది, అక్కడ మళ్లీ కడగండి. ముల్లు 12 అంగుళాల రికార్డు అంచు నుంచి సుమారు 3 మి.మీ. లోపల దిగాలి. ఆర్మ్ మొదలు దగ్గర దిగే చోటుకూ, లేచే ఎత్తుకూ సర్దుబాటు స్క్రూలు ఉంటాయి. ఒకసారికి పావు చుట్టే తిప్పి, 7 అంగుళాల రికార్డుతో కూడా చూడండి.

రెండు రికార్డులు ఒకేసారి పడితే ముందు వాటి మధ్య రంధ్రం చూడండి, అరిగి పెద్దదైతే స్పిండిల్ మెట్టు మీద ఆగదు. యంత్రం సరిగ్గా తిరుగుతున్నా శబ్దం రాకపోతే, మార్పిడి సమయంలో పికప్ (ముల్లు కదలికను శబ్ద సంకేతంగా మార్చే భాగం) తీగలను కలిపే మ్యూట్ స్విచ్ రేకులు తుడవండి. మెయిన్స్ స్విచ్‌కు అడ్డంగా ఉన్న పాత కెపాసిటర్ తీసేసి 0.01 మైక్రోఫారడ్, 275 వోల్టుల ఎక్స్2 రకం వేయండి.

అమెరికా నుంచి వచ్చిన సెట్‌కు ట్రాన్స్‌ఫార్మర్ పెట్టినంత మాత్రాన సరిపోదు. 60 హెర్ట్జ్ పుల్లీ మన 50 హెర్ట్జ్ కరెంటు మీద నిమిషానికి 33⅓ బదులు దాదాపు 27.8 చుట్లే తిప్పుతుంది. 50 హెర్ట్జ్ పుల్లీ మార్చాలి.

పనికిరాని రికార్డులు మూడు పేర్చి, చివరిది అయ్యాక తనంతట తాను ఆగేదాకా నడిపి చూడండి. వాడనప్పుడు ఆన్-ఆఫ్ మీట ఆఫ్‌లోనే ఉండాలి. లేకపోతే ఐడ్లర్ పుల్లీకి నొక్కుకుని గుంటపడుతుంది, పాటలో టప్ టప్‌మని వినిపిస్తుంది.