రెండు కళ్లూ కలిసి చూస్తున్నాయా? ఇంట్లోనే తెలుసుకోండి

చెన్నైలో రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునే మనవాళ్లు చాలామంది సాయంత్రానికి అక్షరాలు రెండుగా కనబడుతున్నాయంటారు. బాల్కనీలో నిలబడి, ఎదురు మేడ మీది నీళ్ల ట్యాంకును చూస్తూ, ముఖానికి జానెడు దూరంలో చూపుడు వేలు నిలువుగా పెట్టండి. చూపు ట్యాంకు మీదే ఉంటే వేలు రెండుగా కనబడుతుంది. కంగారు వద్దు, అలాగే కనబడాలి! కుడి కన్ను మూస్తే ఎడమవైపు వేలు మాయమవుతుంది. రెండు కళ్లకీ మధ్య సుమారు ఆరు సెంటీమీటర్ల ఎడం ఉండబట్టి ఒక్కో కంటికి కాస్త తేడాగా బొమ్మ పడుతుంది, చూపు నిలిపిన వస్తువు వరకు మెదడు ఆ రెంటినీ కలిపేసి, ఆ తేడాలోంచే లోతును కూడా పట్టేస్తుంది. ఎంత చూసినా ఒక్క వేలే కనబడితే మెదడు ఒక కంటిని పక్కన పెడుతోందేమో, చూపించుకోండి.

తర్వాత పెన్ను మొనను చూస్తూ మెల్లగా ముక్కు దగ్గరికి తీసుకురండి. పది సెంటీమీటర్ల దాకా ఒక్కటిగానే ఉంటే మంచిదే. చాలా ముందే రెండైపోతుంటే కళ్లు లోపలికి తిరగడం కష్టమవుతోందని అనుమానించాలి, దీనికి వ్యాయామాలున్నాయి.

ఉన్నట్టుండి అన్నీ రెండుగా కనబడితే మాత్రం ఈ పరీక్షలేవీ వద్దు, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. 1819లో మొదలైన ప్రభుత్వ కంటి ఆసుపత్రి ఇప్పుడు ఎగ్మూరులో ఉంది.