కమ్యూనిటీ కాలేజీ నుంచి యూసీకి వెళ్లాలంటే మొదటి సెమిస్టర్‌లోనే ఏం చెయ్యాలి

కాలిఫోర్నియాలో మన తెలుగువాళ్ల ఇళ్లల్లో పిల్లాడు డి ఆంజా, ఓలోనీ లాంటి రెండేళ్ల కమ్యూనిటీ కాలేజీలో చేరాడంటే ఆ మాట చుట్టాలకి చెప్పడానికి కూడా వెనకాడతారు, అది చూస్తే నాకు చాలా బాధేస్తది. అసలు ఇక్కడి పద్ధతే అలా పెట్టారు, పై చదువుల కోసం రాష్ట్రం 1960లో వేసిన మాస్టర్ ప్లాన్‌లోనే ఉంది, కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్లు చదివి యూసీకో (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా) సీఎస్‌యూకో (కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ) వెళ్లి మూడో ఏడాదిలో చేరొచ్చని. చివర్లో డిగ్రీ మీద ఉండేది యూనివర్సిటీ పేరే. రాష్ట్రంలో 116 కమ్యూనిటీ కాలేజీలున్నాయి, సెమిస్టర్ కాలేజీల్లో రెసిడెంట్స్‌కి యూనిట్‌కి, అంటే ఒక్కో క్రెడిట్‌కి, 46 డాలర్లు, మొదటిసారి ఫుల్ టైమ్ చేరేవాళ్లకి చాలా కాలేజీలు ప్రామిస్ ప్రోగ్రామ్ కింద రెండేళ్లు అది కూడా మాఫీ చేస్తున్నాయి. కాబట్టి పిల్లల ముందు దీన్ని తక్కువ చేసి మాట్లాడకండి, వాళ్లు అది విని ఆ కాలేజీని సీరియస్‌గా తీసుకోవడం మానేస్తారు, మొదటి సెమిస్టర్ ఊరికే పోతది, ఈ రూట్‌లో ఒక్క సెమిస్టర్ పోయినా ఏడాది వెనక్కి పడ్డట్టే.

ఎందుకో లెక్క చూడండి. ఫాల్‌లో చేరితే, రెండో ఏడాది నవంబర్ కల్లా యూసీ అప్లికేషన్ పంపాలి, ఆ తర్వాతి స్ప్రింగ్ అయ్యేలోపు యూనిట్లన్నీ, కావాల్సిన క్లాసులన్నీ అయిపోవాలి. అంటే చేతిలో ఉండేది నాలుగే సెమిస్టర్లు. 60 సెమిస్టర్ యూనిట్లు ఉండాలి, సెమిస్టర్ల బదులు చిన్న టర్మ్‌లుండే క్వార్టర్ కాలేజీ అయితే 90. ఇక్కడే చాలామంది దెబ్బ తింటారు, 12 యూనిట్లు పెట్టుకుంటే ఫుల్ టైమ్ అంటారు కదా అని ప్రతి సెమిస్టర్‌కీ 12 పెట్టుకుంటారు, నాలుగు పన్నెండ్లు 48 మాత్రమే. సెమిస్టర్‌కి 15 ఉండాలి, లేదా మధ్యలో సమ్మర్ వాడుకోవాలి. రెండేళ్లలో వెళ్లాలనుకుంటే ఇది ముందే పిల్లలకి చెప్పండి, పక్కన పార్ట్ టైమ్ జాబ్ చేసే పిల్లలకైతే మరీ ముఖ్యం, వాళ్లు రెండున్నర మూడేళ్ల ప్లాన్ వేసుకున్నా తప్పేం లేదు గానీ అది తెలిసి వేసుకున్న ప్లాన్ అయ్యుండాలి.

ఇంక అసలు పని. క్లాసులు రిజిస్టర్ చేసుకునే ముందే అసిస్ట్ డాట్ ఆర్గ్ ఓపెన్ చెయ్యండి. ఇది అఫీషియల్ సైట్, ఫ్రీ. మీ కాలేజీ, వెళ్లాలనుకునే యూనివర్సిటీ, మేజర్ (డిగ్రీలో ప్రధానంగా చదివే సబ్జెక్టు), ఈ మూడూ సెలెక్ట్ చేస్తే ఒక అగ్రిమెంట్ పేజీ వస్తది. ఎడమ పక్కన యూనివర్సిటీ కోర్సు, కుడి పక్కన దానికి సమానమైన మీ కాలేజీ కోర్సు. నింపాదిగా చదవాలి దీన్ని. కొన్నిచోట్ల రెండు కోర్సుల మధ్య "అండ్" అని ఉంటది, అంటే రెండూ చేస్తేనే అక్కడి ఒక్క కోర్సుకి లెక్క, ఒకటి చేసి ఆపేస్తే ఏమీ రానట్టే. కొన్నిచోట్ల "ఆర్" ఉంటది. కొన్నిచోట్ల కుడి పక్కన అసలు కోర్సే లేదని రాసుంటది, అప్పుడు దగ్గర్లో ఇంకో కమ్యూనిటీ కాలేజీలో అది దొరుకుతుందేమో అదే సైట్లో చూసి అక్కడ ఆ ఒక్క క్లాసు చెయ్యొచ్చు. మూడు నాలుగు క్యాంపస్‌ల పేజీలు పక్కపక్కన పెట్టుకుని, అన్నిట్లో కామన్‌గా వచ్చే కోర్సులు ఒక షీట్‌లో రాసుకోండి, అవే ముందు చెయ్యాలి.

రాసుకున్నాక వరస చూడాలి. కంప్యూటర్ సైన్స్, ఇంజనీరింగ్ పిల్లలకి మ్యాథ్స్ ఒకదాని వెనక ఒకటి ఉంటది. ప్రీకాల్క్ నుంచి మొదలుపెట్టినవాళ్లకి కాలిక్యులస్ వన్, టూ, ఆ తర్వాత మల్టీవేరియబుల్, ఇక్కడికే నాలుగు సెమిస్టర్లు నిండిపోయాయి, ఇంకా లీనియర్ ఆల్జీబ్రా, డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ ఎక్కడ పెడతారు? కాలిక్యులస్ మొదలుపెట్టకుండా ఇంజనీరింగ్ ఫిజిక్స్‌లో చేరనివ్వరు, ఆ ఫిజిక్స్ కూడా మళ్లీ వరసగా చెయ్యాలి. అందుకే ఏ సమ్మర్‌లో ఏది చెయ్యాలో మొదటి నెలలోనే తేలిపోవాలి. కొన్ని క్లాసులు ఏడాదికి ఒక్క సెమిస్టర్‌లోనే పెడతారు, పాత షెడ్యూల్స్ చూస్తే తెలిసిపోతది.

మేజర్ ఏదైనా అందరూ చెయ్యాల్సిన జనరల్ ఎడ్యుకేషన్ (జీఈ) క్లాసుల కోసం ఇప్పుడు క్యాల్‌జెట్‌సీ అని ఒకటే ప్యాటర్న్ ఉంది, 2025 ఫాల్ నుంచి చేరినవాళ్లకి పాత ఐజెట్‌సీ బదులు ఇదే, యూసీకి సీఎస్‌యూకి రెండింటికీ పనికొస్తది, 34 యూనిట్లు, స్పీచ్ క్లాసు కూడా అందులో భాగం. అయితే ఒక మాట, ఎస్‌టీఈఎం (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, మ్యాథ్స్) మేజర్లకి ముందు మేజర్ కోర్సులే చూస్తారు, జీఈ అంతా పూర్తిచేసి ఫిజిక్స్ వదిలేసిన స్టూడెంట్ కంటే ఫిజిక్స్ అయిపోయి జీఈలో రెండు మిగిలిన స్టూడెంట్ పరిస్థితే మెరుగు. కౌన్సిలర్లు అందరికీ ఒకే సలహా ఇచ్చే సందర్భాలు ఉంటాయి, వాళ్ల దగ్గరికి వెళ్లేటప్పుడు పైన చెప్పిన షీట్ చేతిలో పట్టుకెళ్లండి, ఆ అరగంట వంద రెట్లు ఉపయోగపడతది. ఏ సెమిస్టర్‌లో ఏ క్లాసులో రాసే ఎడ్యుకేషన్ ప్లాన్ ఫైల్ చేయించుకోండి, రిజిస్ట్రేషన్‌లో ముందు టైమ్ రావడానికి చాలాచోట్ల అది తప్పనిసరి.

సీటుకి గ్యారంటీలు రెండున్నాయి. యూసీలో ట్యాగ్ అంటారు, డేవిస్, అర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్, ఈ ఆరింట్లో ఒక్కదానికే పెట్టుకోవచ్చు. బర్కిలీ, లాస్ ఏంజిలిస్, శాన్ డియెగో ఇవ్వవు. సెప్టెంబర్ 1 నుంచి 30 వరకే విండో. క్యాంపస్‌ని బట్టి కావాల్సిన జీపీఏ (గ్రేడ్ల సగటు) మారుతది, కొన్ని మేజర్లకి, ముఖ్యంగా ఇంజనీరింగ్, కంప్యూటర్ వైపు, కొన్ని క్యాంపస్‌లు ట్యాగ్ ఇవ్వవు, ఆ ఏడాది రూల్స్ చూసుకోవాలి. ట్యాగ్ పెట్టేశాం కదా అని మామూలు అప్లికేషన్ మానేస్తే సీటు పోయినట్టే, రెండూ పంపాలి. సీఎస్‌యూ వైపు ఏడీటీ అని ట్రాన్స్‌ఫర్ కోసమే ఇచ్చే అసోసియేట్ డిగ్రీ ఉంది, 2010 చట్టంతో వచ్చింది. దాంతో సీఎస్‌యూ సిస్టమ్‌లో సీటు ఖాయం, మీరు అడిగిన క్యాంపస్‌లోనే అని కాదు, కానీ అదే తరహా మేజర్‌లో చేరితే ఇంకో 60 యూనిట్లతో డిగ్రీ అయిపోతది. నా అభిప్రాయం అడిగితే రెండు వైపులా అప్లై చెయ్యమంటాను, శాన్ హోసే స్టేట్‌లో ఇంజనీరింగ్ చేసి మంచి ఉద్యోగాల్లో ఉన్న మనవాళ్లు బోలెడంతమంది.

యూసీ అప్లికేషన్‌కి నవంబర్ 30 అని పెట్టుకోండి. నాలుగు చిన్న వ్యాసాలుంటాయి, ఒక్కోటి 350 పదాల లోపు, అందులో మేజర్‌కి ఎలా ప్రిపేర్ అయ్యారన్నది అందరూ రాయాల్సిందే, మిగతా ఏడింట్లో మూడు ఎంచుకోవచ్చు. ఎస్ఏటీ అక్కర్లేదు. హైస్కూల్లో ఉన్నప్పుడు డ్యూయల్ ఎన్‌రోల్‌మెంట్‌లో చేసిన ఒక్క క్లాసు అయినా సరే, ఆ కాలేజీ పేరు కూడా రాయాలి, తర్వాత బయటపడితే అడ్మిషన్ క్యాన్సిల్ చేసే వీలుంది. జనవరిలో గ్రేడ్లు అప్‌డేట్ చెయ్యమని మెయిల్ వస్తది, జనవరి 31 లోపు చెయ్యాలి, ఇది స్పామ్‌లో పడి మర్చిపోయేవాళ్లు ఉన్నారు. సీ గ్రేడ్ గానీ అంతకంటే మంచిది గానీ వచ్చిన క్లాసుని మళ్లీ చేసినా యూసీ కొత్త గ్రేడ్ లెక్కపెట్టదు, కాబట్టి సెమిస్టర్ మధ్యలో చేజారుతోందనిపిస్తే విత్‌డ్రా డేట్ లోపే కౌన్సిలర్‌తో మాట్లాడాలి.

డబ్బు సంగతి. సిటిజన్లు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు మార్చి 2 లోపు ఫాఫ్సా (ప్రభుత్వ ఆర్థిక సాయం కోసం పెట్టే అప్లికేషన్) నింపేయండి, మా ఇన్‌కమ్‌కి రాదులే అని వదిలెయ్యకండి. హెచ్4 మీద (అమ్మానాన్నల హెచ్1 మీద ఆధారపడే వీసా) ఉన్న పిల్లలకి ఫెడరల్ ఎయిడ్ రాదు, కానీ కాలిఫోర్నియా రెసిడెన్సీ రూల్స్ కలిస్తే రెసిడెంట్ ఫీజు కట్టే వీలుంది. 21 నిండితే హెచ్4 పోతది, అప్పుడు ఎఫ్1కి (స్టూడెంట్ వీసా) మారితే మాత్రం ఆ ఫీజు పోతది, యూసీలో నాన్ రెసిడెంట్‌కి ఏడాదికి 30 వేల డాలర్లు దాటి అదనంగా పడతది. పుట్టినరోజు ఏ సెమిస్టర్‌లో వస్తుందో చూసుకుని ముందే ఇమిగ్రేషన్ లాయర్‌తోనూ యూనివర్సిటీ రెసిడెన్సీ ఆఫీసుతోనూ మాట్లాడండి, చెప్పింది మెయిల్‌లో తీసుకోండి.

సీటు వచ్చాక అందరూ పని అయిపోయిందనుకుంటారు, పిల్లలకి నిజంగా తోడు కావాల్సింది అప్పుడే. బర్కిలీ, మెర్సెడ్ తప్ప మిగతా యూసీలన్నీ క్వార్టర్ పద్ధతి, పాఠాలు పది వారాలే. సెమిస్టర్ కాలేజీ నుంచి వచ్చిన పిల్లకి, ఇంకా రూమ్‌లో సామాన్లు సర్దుకుంటుండగానే నాలుగో వారంలో మిడ్‌టర్మ్ వచ్చి మీద పడతది. కమ్యూనిటీ కాలేజీలో ముప్పై మంది క్లాసు, ప్రొఫెసర్‌కి పేరు తెలుసు, యూసీలో మూడొందల మంది హాలు, అడిగితే తప్ప ఎవరూ పట్టించుకోరు. మొదటి క్వార్టర్లో జీపీఏ పడడం చాలామందికి జరిగేదే, దీన్ని ట్రాన్స్‌ఫర్ షాక్ అంటారు, ఎప్పటినుంచో ఉన్న పేరే. మొదటి క్వార్టర్‌కి కష్టమైన టెక్నికల్ క్లాసులు మూడు కలిపి పెట్టొద్దు, రెండు చాలు, మూడోది తేలికైంది పెట్టండి. రెండో వారానికల్లా ఆఫీస్ అవర్స్‌కి ఒకసారైనా వెళ్లాలి, ఏం అడగాలో తెలియకపోతే హోంవర్క్‌లో ఆగిపోయిన లెక్క పట్టుకెళ్తే చాలు. పాత కాలేజీలో డిజెబిలిటీ ఆఫీసు ద్వారా ఎక్స్‌ట్రా టైమ్ ఉంటే అది దానంతటదే రాదు, కొత్తగా అప్లై చెయ్యాలి.

అమ్మానాన్నలకి ఒకటే చెప్తాను, ఫోన్ చేసిన ప్రతిసారీ గ్రేడ్ ఎంత అని అడిగితే పడిపోయిన గ్రేడ్ దాచేస్తారు, వారం ఎలా గడిచింది, ఎవరితో కలిసి చదువుతున్నావు అని అడగండి. మిగతావాళ్లకి ఫ్రెండ్స్ రెండేళ్ల కింద ఏర్పడిపోయి ఉంటారు, ట్రాన్స్‌ఫర్ పిల్లలు ఒంటరైపోతారు, క్యాంపస్‌లో ట్రాన్స్‌ఫర్ సెంటర్ ఉంటే మొదటి వారంలోనే ఒకసారి వెళ్లి రమ్మనండి. రీసెర్చ్, ఇంటర్న్‌షిప్ కూడా వీళ్లకి రెండేళ్లే టైమ్, చేరిన ఫాల్‌లోనే రెజ్యూమె తయారుగా ఉండాలి.

ఇంకోటి, కమ్యూనిటీ కాలేజీలో చేసిన ప్రతి క్లాసు సిలబస్ పీడీఎఫ్ దాచుకోండి, డిగ్రీ చేతికొచ్చేదాకా. ఏదైనా కోర్సు లెక్కలోకి తీసుకోలేదంటే డిపార్ట్‌మెంట్‌కి పిటిషన్ పెట్టొచ్చు, వాళ్లు మొదట అడిగేది ఆ సిలబసే, క్లాసు అయిపోయిన రెండేళ్లకి ఆ ప్రొఫెసర్ అక్కడ ఉంటారో లేదో చెప్పలేం.