బిల్జ్ పంపు ఊరికే ఆగి, ఆన్ అవుతోందా?

పడవ అడుగున ఉన్న ఆటోమేటిక్ పంపు నీళ్లు తోడేసి ఆగుతుంది. అర నిమిషంలో మళ్లీ గుర్రుమంటుంది. తెల్లారేసరికి బ్యాటరీ ఖాళీ. నేను స్విచ్ పాడైందనుకుని కొత్తది కూడా కొన్నాను, దండగ!

అసలు సంగతి పైపులో ఉంది. పంపు ఆగగానే పైపులో మిగిలిన నీళ్లు వెనక్కి జారి ఫ్లోట్‌ని (నీళ్ల మీద తేలుతూ పైకి లేచి పంపును ఆన్ చేసే స్విచ్ భాగం) లేపుతాయి. 25 మి.మీ. పైపు 2 మీటర్లుంటే దాదాపు లీటరు.

ఫ్లోట్ స్విచ్ కింద 3 సెం.మీ. దిమ్మ పెట్టి బిగించండి. ‘వి’ ఆకారపు అడుగు పైకి వెళ్లేకొద్దీ వెడల్పవుతుంది కాబట్టి అదే లీటరు అక్కడ ఫ్లోట్‌ని లేపేంత ఎత్తుకు రాదు. పైపు వీలైనంత పొట్టిగా, లోపల నున్నగా ఉండాలి. మడతల పైపు వద్దు, ధార తగ్గిపోతుంది. బకెట్ నీళ్లు పోసి చూడండి: ఒక్కసారి తోడి ఊరుకుంటే సరిపోయినట్టే.

కొత్త పంపు కొంటుంటే గంటకు ఎన్ని నీళ్లు తోడుతుందో చెప్పే డబ్బా మీది అంకె పైపు లేకుండా, ఎత్తు లేకుండా కొలిచింది. ఒక సైజు పెద్దదే తీసుకోండి. ఫ్లోట్ స్విచ్ వైరు మెయిన్ స్విచ్ దాటించి నేరుగా బ్యాటరీకి ఇవ్వండి, ఫ్యూజ్ బ్యాటరీ పక్కనే ఉండాలి.

అడుగు బల్లపరుపుగా ఉన్న పడవకు మాత్రం దిమ్మ పెట్టకండి, బోలెడు నీళ్లు లోపలే నిలిచిపోతాయి. అక్కడ పైపు పొట్టి చేయడమే మేలు.