జీసీసీలో మార్పు చేసినా పాత సందేశమే వస్తోందా?

సమస్య ఇది. జీసీసీ అనే కంపైలర్ సోర్సులో ఒక హెచ్చరిక వాక్యాన్ని సవరించి, దానిని మళ్లీ కట్టే మేక్ ప్రోగ్రామును నడిపించారు, అది ఏ లోపమూ చూపకుండా ముగిసింది, అయినా చిన్న సీ ఫైలు ఇచ్చి చూస్తే పాత వాక్యమే వస్తోంది. గుంటూరు, విజయవాడ కళాశాలల నుంచి ఓపెన్ సోర్స్ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు నన్ను తరచుగా అడిగేది ఇదే. వారిలో చాలామంది ఆ పాటికే తమ కోడ్‌ను మూడుసార్లు తిరగరాసి ఉంటారు. ఎక్కువసార్లు కోడ్‌లో తప్పు ఉండదు.

ముందుగా ‘విచ్ జీసీసీ’ అని అడిగి, మీరు నడుపుతున్నది ఉబుంటుతో వచ్చిన కంపైలరా, మీరు కట్టినదా అన్నది తేల్చుకోండి. కొత్తగా ఇన్‌స్టాల్ చేసిన వెంటనే పాతదే పలుకుతుంటే మీ ఆదేశాలు అందుకునే బ్యాష్ షెల్ పాత దారిని గుర్తుపెట్టుకుందని అర్థం. దానిని మరపించడానికి ‘హ్యాష్ డ్యాష్ ఆర్’ ఆదేశం చాలు. ఈ అర నిమిషం పని చేయకుండా నాకు స్క్రీన్‌షాట్లు పంపవద్దు.

అసలు మోసం ఆ తరువాత ఉంది. జీసీసీ అనే ఆదేశం స్వయంగా కంపైలర్ కాదు. అది మేస్త్రీ వంటిది. సీ కోడ్‌ను నిజంగా చదివి హెచ్చరికలు ఇచ్చేది సీసీవన్ అనే వేరే ప్రోగ్రాము. మేక్ నడిచిన బిల్డ్ డైరెక్టరీలో తయారైన ఎక్స్‌జీసీసీని, అంటే ఇంకా ఇన్‌స్టాల్ చేయని జీసీసీని, నేరుగా పిలిస్తే, అది తన పక్కనే ఉన్న కొత్త సీసీవన్‌ను చూడదు. మేక్ కంటే ముందు నడిపే కాన్ఫిగర్ సమయంలో ఇచ్చిన ప్రిఫిక్స్ కింద, అంటే ఇన్‌స్టాల్ కావలసిన డైరెక్టరీలో, వెతుకుతుంది. అక్కడ ఏమీ లేకపోతే సీసీవన్ దొరకలేదని చెప్పి ఆగిపోతుంది, అది మన అదృష్టం. కానీ గత నెలలో అదే ప్రిఫిక్స్‌లో ఒకసారి ఇన్‌స్టాల్ చేసి మరచిపోయి ఉంటే, మేస్త్రీ కొత్తవాడే అయినా పని మాత్రం పాత కూలీ చేత, ఏ హెచ్చరికా లేకుండా జరిగిపోతుంది. అరండల్‌పేటలోని నా గదిలో రెండు రాత్రులు నేను చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికింది దీని కోసమే.

నిర్ధారణకు ‘డ్యాష్ ప్రింట్ ప్రోగ్ నేమ్ ఈక్వల్స్ సీసీవన్’ అనే ఐచ్ఛికంతో ఎక్స్‌జీసీసీని పిలవండి. ఏ దారిలోని సీసీవన్ నడుస్తుందో అదే చెబుతుంది. పరిష్కారం, పిలిచిన ప్రతిసారీ డ్యాష్ పెద్ద బి పెట్టి దాని వెంట బిల్డ్‌లోని జీసీసీ డైరెక్టరీ దారిని ఇవ్వడం. తప్పులు వెతికే డీబగ్గర్ అయిన జీడీబీని ఈ ఎక్స్‌జీసీసీకి తగిలించి సీసీవన్ లోపలి ఫంక్షన్ల వద్ద ఆగలేదని చింతించేవారి పొరపాటు కూడా ఇదే. ‘డ్యాష్ రాపర్’ ఐచ్ఛికం ద్వారా జీడీబీని సీసీవన్ మీదకే పంపాలి.

జీడీబీలోనూ ఇదే కథ. జీడీబీ సోర్సులోని పైథాన్ ఫైలును సవరించి బిల్డ్‌లోని జీడీబీని నడిపితే, అది ఇన్‌స్టాల్ అయిన పాత ఫైళ్లనే ఎత్తుకోవచ్చు. లోపలికి వెళ్లి ‘షో డేటా డైరెక్టరీ’ అని అడగండి. దారి తప్పుగా ఉంటే, జీడీబీని మొదలుపెట్టేటప్పుడే ‘డేటా డైరెక్టరీ’ ఐచ్ఛికంతో బిల్డ్‌లోనిది చూపించండి. సోర్సులోని పైథాన్ ఫైళ్లను అక్కడికి చేర్చేది మేక్ కాబట్టి, సవరించిన తరువాత దానిని మళ్లీ నడపడం కూడా తప్పదు.

డాక్యుమెంటేషన్‌ను సవరించినా మాన్యువల్ మారకపోతే, కారణం సాధారణంగా మాన్యువల్‌ను తయారుచేసే మేక్‌ఇన్‌ఫో ప్రోగ్రాము లేకపోవడమే. అది లేకపోయినా, మరీ పాతదైనా జీసీసీ కాన్ఫిగర్ ఒక హెచ్చరిక వేసి ముందుకు సాగిపోతుంది, మాన్యువల్ మాత్రం తయారు కాదు. మేక్‌ఇన్‌ఫో ఉండే టెక్స్‌ఇన్‌ఫో ప్యాకేజీ వేసుకుని మళ్లీ కాన్ఫిగర్ చేయండి. ఇంకొకటి: ‘డ్యాష్ డ్యాష్ హెల్ప్’ చూపే ఐచ్ఛికాల వివరణ సోర్సులోని ఓపీటీ ఫైళ్ల నుంచి వస్తుంది, మాన్యువల్‌లోని వివరణ ఇన్‌వోక్ డాట్ టెక్సీ అనే ఫైలు నుంచి వస్తుంది. ఒకదానిని సవరిస్తే రెండోది దానంతట అది మారదు, కనుక మీరు పంపే ప్యాచ్‌లో, అంటే మార్పుల ఫైలులో, రెండూ ఉండాలి.

గడియారం వెనక్కి వెళ్లిన వర్చువల్ మెషీన్లు, నిండిపోయిన డిస్కులు వంటివి నాకు ఎప్పుడో గాని తగల్లేదు. పై తనిఖీలన్నీ అయ్యాకే వాటి జోలికి వెళ్లండి.