జీతం ఇరవయ్యో తారీఖుకే అయిపోతోందా? ముందు మీటరు చూడండి

డబ్బు సరిపోకపోతే మా ఇంట్లో చాలా ఏళ్లు ఒకటే మందు వాడాం. పిల్లల సమోసాలు బంద్, నా సాయంత్రం ఇరానీ చాయ్ బంద్. చాయ్ మానేసిన నెలలో కూడా ఇరవయ్యో తారీఖుకే జేబు ఖాళీ అయింది. అప్పుడో ఆదివారం బిల్లులన్నీ చాప మీద పరుచుకుని కూర్చున్నాం. డబ్బు పోతున్న చోట్లు వేరు, మేం బిగబట్టుకున్న చోట్లు వేరు అని అప్పుడు తెలిసింది. హైదరాబాద్ వనస్థలిపురంలో రెండు బెడ్‌రూముల పోర్షన్‌లో ఉండే మాకు పనికొచ్చినవి ఇవి. మీ ఇంట్లో ఏ లక్షణం కనబడితే అక్కడినుంచి చదువుకోండి.

లక్షణం: వాడకం ఎప్పటిలాగే ఉంది, కరెంటు బిల్లు మాత్రం రెండు వందలు ఎక్కువొచ్చింది

కారణం: మీరు 200 యూనిట్ల గీత దాటారు.

చాలామంది ఎక్కువ కాల్చినదానికే ఎక్కువ రేటు పడుతుందని అనుకుంటారు. మన దగ్గర అలా కాదు. గీత దాటితే మొదటి యూనిట్ నుంచీ రేటు మారుతుంది. 2022 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన రేట్లు చూడండి. నెలకి 100 దాటి 200 యూనిట్ల లోపు ఉంటే మొదటి వంద యూనిట్లు 3 రూపాయల 40 పైసల చొప్పున, తర్వాతి వంద 4 రూపాయల 80 పైసల చొప్పున లెక్కేస్తారు. సరిగ్గా 200 కాలిస్తే 820 రూపాయలు. అదే 201 అయిందనుకోండి, మొదటి 200 యూనిట్లకీ 5 రూపాయల 10 పైసలు పడుతుంది, ఆ పైన ఒక్క యూనిట్‌కి 7 రూపాయల 70 పైసలు. మొత్తం 1,027 రూపాయల 70 పైసలు. అంటే ఆ ఒక్క యూనిట్ ఖరీదు 207 రూపాయల 70 పైసలు! బంగారం కొన్నట్టే. కస్టమర్ ఛార్జీ, ఫిక్స్‌డ్ ఛార్జీ, డ్యూటీ వీటికి అదనం.

వంద దగ్గరా ఇలాంటి గీతే ఇంకోటి ఉంది. 100 యూనిట్లకి 252 రూపాయల 50 పైసలు, 101కి 344 రూపాయల 80 పైసలు. ఒంటరిగా ఉండే పెద్దవాళ్ల ఇళ్లలో దీన్ని చూసుకోవాలి.

తెలంగాణ ప్రభుత్వ ఉచిత కరెంటు పథకం గృహజ్యోతి కింద జీరో బిల్లు వచ్చేవాళ్లకి ఈ గీత ఇంకా ప్రమాదం. 2024 మార్చి నుంచి అర్హులకి 200 యూనిట్ల దాకా ఉచితం. 201 అయితే పైన ఉన్న ఒక్క యూనిట్‌కి కాదు, మొత్తానికీ కట్టాలి.

ఏం చేయాలి: గోడ మీద క్యాలెండర్‌లో పాల లెక్క రాసుకుంటాం కదా, దాని పక్కనే వారానికోసారి మీటరు రీడింగ్ రాయండి. పాత బిల్లులో కిందటి రీడింగ్, తేదీ ఉంటాయి. ఇవాళ్టి అంకెలోంచి అది తీసేస్తే ఇప్పటిదాకా కాల్చింది తెలుస్తుంది. రోజుకి ఆరున్నర యూనిట్లు మించకపోతే నెలకి గీత లోపలే ఉంటారు. ఇరవై రోజులకి 130 దాటిందంటే మిగతా పది రోజులు జాగ్రత్త.

జాగ్రత్త అంటే ఫ్యాన్ ఆపుకుని చెమటలు కక్కమని కాదు. గీజరు చూడండి. రెండు వేల వాట్లది అరగంట నడిస్తే ఒక యూనిట్. వేడెక్కాక దానంతటదే ఆగుతుంది నిజమే, కానీ స్విచ్ ఆపకపోతే నీళ్లు చల్లారినప్పుడల్లా మళ్లీ మొదలవుతుంది. మా ఇంట్లో పొద్దున ఆరింటికి వేసిన గీజరు నేను ఆఫీసుకి వెళ్లాక ఎప్పుడో పదకొండింటికి ఆగేది.

ఆ తర్వాత ఫ్యాన్లు. పాత సీలింగ్ ఫ్యాన్ 75 వాట్లు లాగుతుంది, తక్కువ కరెంటుతో తిరిగే కొత్త రకం బీఎల్‌డీసీ ఫ్యాన్ ముప్పై వాట్ల దగ్గర. రోజుకి పన్నెండు గంటలు తిరిగితే నెలకి పాతది 27 యూనిట్లు, కొత్తది 11. మూడు ఫ్యాన్లు మారిస్తే 48 యూనిట్లు తగ్గుతాయి. నెలకి 240 కాల్చే ఇల్లు 192కి వస్తుంది. బిల్లులో తేడా? 1,328 రూపాయల నుంచి 782 రూపాయలకి. యూనిట్లు తగ్గింది అయిదో వంతే, డబ్బు తగ్గింది అయిదో వంతుకి రెట్టింపు, కారణం ఆ గీతే. అందుకే నేను ముందు ఫ్యాన్లు మార్చమంటాను. ఇల్లు అద్దెదైనా ఫర్వాలేదు, ఖాళీ చేసేటప్పుడు విప్పుకుని పోవచ్చు. పాతవి అటక మీద దాచి పెట్టండి, ఓనరువి కదా.

ఏసీ వేసే ఏప్రిల్, మే నెలల్లో 200 గీత ఆశ వదులుకోండి. 24 డిగ్రీల దగ్గర పెట్టి, ఫ్యాన్ చిన్నగా తిప్పుకోండి. ఒక్కో డిగ్రీ పెంచితే ఆరు శాతం దాకా కరెంటు మిగులుతుందని కేంద్ర ప్రభుత్వ ఇంధన పొదుపు సంస్థ బీఈఈ చెబుతుంది. ఫిల్టరు పదిహేను రోజులకోసారి కడగండి, మన రోడ్ల దుమ్ము తెలిసిందేగా.

లక్షణం: పోర్షన్‌లో ఉంటాం, సబ్‌మీటరు లెక్కన యూనిట్‌కి ఎనిమిదో తొమ్మిదో కడుతున్నాం

కారణం: ఇంటి మొత్తానికీ ఒకటే మీటరు. ఓనరు మోసం చేస్తున్నాడని వెంటనే అనుకోవద్దు. మేం ఇదివరకు ఉన్న ఇంట్లో నేను అలాగే అనుకుని, ఆయనతో రెండు నెలలు సరిగ్గా మాట్లాడలేదు. తీరా ఆయన బిల్లు చూపిస్తే ఆయనకి పడే రేటే అంత.

పైన ఒకళ్లు, కింద ఒకళ్లు, ఇద్దరూ 150 యూనిట్ల చొప్పున కాలుస్తారనుకోండి. వేర్వేరు మీటర్లుంటే ఒక్కొక్కరికి 580, ఇద్దరికీ కలిపి 1,160 రూపాయలు. ఒకటే మీటరు మీద 300 యూనిట్లు పడితే 1,790. కాల్చిన కరెంటు అదే, 630 రూపాయలు మాత్రం గాలికి.

ఏం చేయాలి: వంటగది, దారి వేరుగా ఉన్న పోర్షన్‌కి వేరే కనెక్షన్ అడగమని ఓనరుకి చెప్పండి. దరఖాస్తు ఆయన పేరు మీదే వెళ్లాలి కాబట్టి గొడవ పడితే పని కాదు. "అంకుల్, మీ బిల్లు కూడా తగ్గుతుంది, ఒకసారి ఈ లెక్క చూడండి" అని కాగితం మీద వేసి చూపిస్తే చాలామంది వింటారు. కనెక్షన్ ఖర్చు సగం భరిస్తానంటే ఇంకా తొందరగా వింటారు. ఇక మీదట టూలెట్ బోర్డు చూసి వెళ్లినప్పుడు అద్దె ఎంత, అడ్వాన్స్ ఎంత అన్నాక మూడో ప్రశ్న ఇదే అడగండి: మీటరు వేరేనా?

లక్షణం: అపార్ట్‌మెంట్‌లో నెలనెలా ట్యాంకర్ల డబ్బు అడుగుతున్నారు

కారణం ఒకటి కాదు. బోరు ఎండిపోవడం అందరికీ కనబడేది. కనబడనిది లీకేజీ. మా పక్క అపార్ట్‌మెంట్‌లో ఎండాకాలమంతా బోరుని తిట్టుకున్నారు, చివరికి చూస్తే ఓవర్‌హెడ్ ట్యాంకు బాల్ వాల్వు పాడై అర్ధరాత్రి నీళ్లు టెర్రస్ గొట్టంలోంచి మోరీలోకి పోతున్నాయి.

ఏం చేయాలి: రాత్రి పడుకునే ముందు సంపులో నీటిమట్టం దగ్గర సుద్దముక్కతో గీత పెట్టండి. మోటారు, సంపులోకి వచ్చే నల్లా రెండూ ఆపేయండి. పొద్దున్నే మట్టం గీత కిందికి దిగితే సంపుకే బీట ఉన్నట్టు. ఇంట్లో అయితే టాయిలెట్ ఫ్లష్ ట్యాంకులో మిఠాయి రంగు చిటికెడు వేసి అరగంట వదిలేయండి, ఫ్లష్ నొక్కొద్దు. కమోడ్‌లోకి రంగు దిగిందంటే లోపలి రబ్బరు పోయింది. చప్పుడు లేకుండా రోజంతా కారే లీకు ఇదే. నల్లా సెకనుకో చుక్క కారితే రోజుకి 86,400 చుక్కలు, ఒక బకెట్ నిండుతుంది. దానికి కావలసింది చిన్న వాషరు.

ఇంకో సంగతి. 2021 జనవరి నుంచి హైదరాబాద్ నీళ్ల బోర్డు, అదే జలమండలి, ఇళ్లకి నెలకి 20,000 లీటర్ల దాకా ఉచితంగా ఇస్తోంది, అపార్ట్‌మెంట్లో అయితే ఫ్లాటు చొప్పున లెక్క. కానీ మీటరు పనిచేస్తూ ఉండాలి, ఆధార్ జోడించి ఉండాలి. ఉచితం రావలసిన ఇంటికి బిల్లు వస్తుంటే ముందు ఈ రెండూ చూసుకుని, 155313కి ఫోన్ చేయండి.

లక్షణం: అయిదు వందల కూరగాయలు తెచ్చినా నాలుగో రోజుకి బుట్టలో ఏమీ ఉండదు

కారణం: పావుకిలో లెక్క. బండి మీద "బెండకాయ పావు ఇరవై" అంటే చవకే అనిపిస్తుంది, కిలో ఎనభై అని నోటితో అంటే అనిపించదు. ఎంత చెప్పినా మనసులో నాలుగుతో గుణించుకోండి.

వారానికోసారి రైతుబజారుకి వెళ్లండి. 1999లో మొదలైన ఈ బజార్లు మెహిదీపట్నం, ఎర్రగడ్డ, కూకట్‌పల్లి, వనస్థలిపురం లాంటి చోట్ల ఇప్పటికీ జనంతో కిటకిటలాడుతున్నాయి. లోపలికి వెళ్లగానే ఆ రోజు ధరల బోర్డు చదవండి, ఫోన్‌లో ఫోటో తీసుకోండి. బేరం ఆడక్కర్లేదు, బోర్డు చూపిస్తే చాలు. మీ వీధిలో వారం వారం అంగడి పెడితే అదీ మంచిదే, ఆటో ఖర్చు మిగులుతుంది.

అయితే చవకని రెండేసి కిలోలు తెస్తే మళ్లీ నష్టం. ఫ్రిజ్‌లో కింది అరలో కుళ్లిన కొత్తిమీర కట్టలు లెక్కపెట్టండి ఒకసారి. ఆకుకూరలు మొదటి రెండు రోజుల్లో, తర్వాత బెండ, వంకాయ, చివర్న దొండ, దుంపలు, సొరకాయ. ఈ వరసలో వండితే పారేసేది ఉండదు. చింతపండు, ఎండుమిర్చి, కందిపప్పు మాత్రం మన అమ్మల పద్ధతే సరి: పంట వచ్చే ఎండాకాలంలో ఏడాదికి సరిపడా కొనడం. పక్కింటి వదినలు ఇద్దరు కలిస్తే బేగంబజార్‌కి ఒకే ఆటోలో వెళ్లి రావచ్చు. ఒక్కరికోసం అయిదు కిలోల పప్పుకి అంత దూరం పోతే ఆటోవాడికే లాభం.

లక్షణం: గ్యాస్ బండ ఇదివరకు నలభై అయిదు రోజులొచ్చేది, ఇప్పుడు ముప్పై అయిదే

మంట పసుపుగా ఉందా, గిన్నెల అడుగు నల్లబడుతోందా? బర్నరు చిల్లులు పూడుకున్నాయి. విప్పి, వేడినీళ్లలో నానబెట్టి, పిన్నీసుతో చిల్లులు తీసి, పూర్తిగా ఆరాక బిగించండి. మంట నీలంగా ఉంటే బండ తెచ్చినప్పుడే తూకం చూడండి. బండ మీద ఖాళీ బరువు రాసి ఉంటుంది, దానికి 14.2 కిలోలు కలిపితే రావలసిన తూకం. తూచి ఇమ్మని అడిగే హక్కు మీకుంది. బియ్యం, పప్పు అరగంట ముందే నానబెట్టి కుక్కర్‌లో పెట్టండి. వాసన వస్తుంటే మాత్రం అది ఆదా సంగతి కాదు: రెగ్యులేటరు ఆపి, కిటికీలు తెరిచి, ఏ స్విచ్చీ ముట్టుకోకుండా బయటికి వచ్చి 1906కి ఫోన్ చేయండి.

లక్షణం: పెద్ద ఖర్చు ఏమీ చేయలేదు, అకౌంట్‌లో మాత్రం డబ్బు లేదు

కారణం ఫోన్‌లోనే ఉంది. ఉచితంగా నెల రోజులు చూడమన్నారని ఒక వ్యాయామం యాప్ పెట్టుకున్నాను. నాలుగు రోజులు చేశాను, ఏడు నెలలు డబ్బు కట్టాను. మీ యూపీఐ యాప్‌లో ఆటోపే అని ఉంటుంది, అది తెరిచి వాడనివన్నీ రద్దు చేయండి. కార్డు మీద పెట్టినవి బ్యాంకు యాప్‌లో విడిగా ఉంటాయి. డబ్బు కోసే 24 గంటల ముందు మెసేజ్ వస్తుంది, మనం చూడకుండా తుడిచేసేది అదే.

పది నిమిషాల్లో తెచ్చే యాప్‌లో ఒక పాల ప్యాకెట్ తెప్పిస్తే హ్యాండ్లింగ్ అనీ, చిన్న ఆర్డరనీ పాల ధరంత పైన పడుతుంది. అది తప్పించుకోడానికి అక్కర్లేని చిప్స్ కలుపుతాం. వీధి చివర కిరాణా కొట్టుకి పిల్లాణ్ణి పంపండి.

క్రెడిట్ కార్డులో మినిమం డ్యూ, అంటే బిల్లులో కట్టక తప్పని కొద్ది మొత్తం మాత్రమే కట్టి ఊపిరి పీల్చుకునే అలవాటుంటే పైన రాసినవన్నీ వదిలేసి ముందు దీన్ని తెంపండి. నెలకి మూడున్నర శాతం అంటే ఏడాదికి నలభై పైనే. బంగారం కుదువపెట్టి తీర్చినా ఇంతకన్నా చవకే.

లక్షణం: సొంతిల్లే, అయినా బల్దియా (జీహెచ్‌ఎంసీ) ఇంటి పన్ను పెరుగుతూ పోతోంది

ఆలస్యం చేస్తే బాకీ మీద నెలకి రెండు శాతం జరిమానా పడుతుంది. ఏప్రిల్ 30 లోపు ఆ ఏడాది మొత్తం కట్టేస్తే జీహెచ్‌ఎంసీ అయిదు శాతం తగ్గించే పద్ధతి ఉంది. అంతే.

లక్షణం: శ్రావణం వస్తే లెక్కంతా తప్పుతుంది

కారణం పెళ్లిళ్లు, గృహప్రవేశాలు, చదివింపులు. ఆషాఢంలో బోనాలకి చుట్టాలొచ్చి వెళ్లి ఊపిరి తీసుకునేలోపే శుభలేఖలు మొదలు. దీనికి నా దగ్గర సగం మందే ఉంది. నెలకి కొంత చీటీ కట్టి శ్రావణానికి పాడుకుంటున్నాం. చీటీ 1982 చిట్ ఫండ్ చట్టం కింద రిజిస్టరైనదా కాదా అని తప్పకుండా చూసుకోండి. తెలిసిన ఆంటీ వేస్తోందని కట్టేసి ఏడ్చినవాళ్లు ప్రతి కాలనీలో ఉన్నారు.

మిగతా సగం మా ఆవిడ దగ్గరుంది. మా పెళ్లికి, పిల్లల ఓణీల ఫంక్షన్‌కి ఎవరెవరు ఎంత చదివించారో రాసిన పాత నోటుపుస్తకం ఒకటి ఆమె బీరువాలో ఉంది. శుభలేఖ రాగానే అది తీసి, పేరు వెతికి, కవరులో ఎంత పెట్టాలో చెబుతుంది. మా చెల్లెళ్ల పేజీ మాత్రం నన్ను చూడనివ్వదు.