వర్షపాతం ఒక్కటే చాలదు: అనంతపురంలో డెంగీ ముప్పు పటాన్ని గీసే విధానం

దోమల వల్ల వచ్చే జ్వరాల ముప్పును దేశమంతటికీ పటంగా గీసేవారు సాధారణంగా వర్షపాతం, ఉష్ణోగ్రత, జనసాంద్రత అనే మూడు పొరలతో, అంటే ఒకదానిపై ఒకటి పరిచే మూడు విడి పటాలతో మొదలుపెడతారు. ఆ లెక్కను ఉన్నదున్నట్లు అనంతపురానికి వర్తింపజేస్తే, ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే ఈ ప్రాంతం లేతరంగులో, నిశ్చింతగా కనిపిస్తుంది. అయితే కుళాయి నీళ్లు రోజూ రాని వీధుల్లో ఇంటింటా తొట్టీ, డ్రమ్మూ, సంపూ నింపి ఉంచుతారు కనుక, డెంగీని మోసే ఈడిస్ ఈజిప్టై దోమకు వానతో నిమిత్తం లేకుండానే నీడపట్టున నిలవ నీరు దొరుకుతుంది. ఇక్కడ పటం గీసేవారు వాన పొర కంటే ముందుగా నీటి నిల్వ పొరను సిద్ధం చేసుకోవాలి.

అంతకన్నా ముందు ఏ జ్వరానికి పటం గీస్తున్నారో తేల్చుకోవాలి. మలేరియాను మోసే అనాఫిలిస్ దోమల్లో కొన్ని కాలువల అంచుల్లోనూ గుంతల్లోనూ పెరుగుతాయి కాబట్టి, తుంగభద్ర ఎగువ కాలువ వెంబడి పల్లెల ముప్పు వేరు, నగర వార్డుల డెంగీ ముప్పు వేరు. రెంటినీ కలిపి ఒకే పటంలో చూపితే అది ఎవరికీ అక్కరకు రాదు.

తరువాత కేసుల వివరాలు సేకరించాలి. 2022 ఏప్రిల్ 4న పాత జిల్లా రెండుగా విడిపోయి హిందూపురం, కదిరి, ధర్మవరం శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లాయి కనుక, పాత సంవత్సరాల జిల్లా మొత్తాలను కొత్త వాటితో నేరుగా పోల్చకుండా, మండలాలవారీ లెక్కలు తీసుకుని కొత్త హద్దుల ప్రకారం తిరిగి కూర్చుకోవాలి. ఎలీసా అనే రక్తపరీక్షలో నిర్ధారణ అయిన కేసులనే లెక్కలోకి తీసుకుని, పరీక్ష జరిగిన ఆసుపత్రి ఉన్న చోటికి కాక రోగి నివసించే వార్డుకు నమోదు చేయాలి. చికిత్సకు బెంగళూరు వెళ్లినవారి కేసులు స్థానిక లెక్కలో తప్పిపోయే అవకాశముంది. ఎన్ని పరీక్షలు చేశారన్నది కూడా పక్కనే రాసుకోవాలి. లేకుంటే పరీక్షలు బాగా జరిగే చోటే జ్వరం ఎక్కువని పటం చెబుతుంది.

నీటి పొర తయారీయే అసలు శ్రమ. వార్డు సచివాలయ పరిధిని ప్రమాణంగా తీసుకుని, కుళాయి ఎన్ని రోజులకొకసారి వస్తుందో, ఇంటికి ఎన్ని నిల్వ పాత్రలున్నాయో, వాటిలో ఎన్నింటికి గట్టి మూత ఉందో ఆశా కార్యకర్తల ద్వారా తెలుసుకోవాలి. తొట్టి ఎప్పుడు నింపారని అడిగి ఊరుకోకుండా, గోడలు రుద్ది కడిగి ఎన్నాళ్లయిందని అడగడం ముఖ్యం. ఈడిస్ గుడ్లు నీటిమట్టానికి కాస్త పైన గోడకు అంటుకుని నెలల తరబడి ఎండినా బతికే ఉండి, మళ్లీ నీరు తగలగానే పొదుగుతాయి. గుడ్డు నుంచి దోమ కావడానికి ఈ వేడిలో వారం, పది రోజులు చాలు. చూసిన ప్రతి వంద ఇళ్లకు లార్వా ఉన్న పాత్రలెన్నో లెక్కిస్తే బ్రెటో సూచిక వస్తుంది. ఈ దోమ సాధారణంగా కొన్ని వందల మీటర్లకు మించి ఎగరదు కాబట్టి, జిల్లా మొత్తానికి ఒకే సగటు తీయడం అర్థరహితం.

ఉష్ణోగ్రత, వర్షపాతం పొరలు ఉపగ్రహ సమాచారం నుంచి ఉచితంగానే దొరుకుతాయి. డెంగీ వ్యాప్తికి సుమారు 29 డిగ్రీలు అత్యంత అనుకూలమనీ, ఎండ మరీ ముదిరితే వ్యాప్తి తగ్గుతుందనీ గుర్తుంచుకుని, నెలకొక పటం గీయాలి. వాన పడిన నెల, రెండు నెలల తరువాత కేసులు పెరగవచ్చు కనుక ఆ ఎడాన్ని కూడా లెక్కలో చూపాలి.

అన్ని పొరలనూ సున్నా నుంచి ఒకటి వరకు ఉండే కొలతలోకి మార్చి, పటాలు గీసే క్యూజీఐఎస్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో కలపాలి. నీటి నిల్వ, వాన విలువలను ముందుగా కూడి, ఆ మొత్తాన్ని ఉష్ణోగ్రతతోనూ జనసాంద్రతతోనూ గుణించడం మేలు. అన్నిటినీ కూడుకుంటూ పోతే మనుషులే లేని గుట్టలు కూడా ముప్పు ఎక్కువున్నట్లు ఎర్రబడతాయి. చివరి రెండేళ్ల కేసులను మొదటే పక్కన పెట్టి, పటం పూర్తయ్యాక వాటితో సరిచూడాలి. ఎర్రగా చూపిన వార్డుల్లో కేసులు లేకుంటే లెక్కలో ఒక్కో పొరకు ఇచ్చే ప్రాధాన్యాన్ని మార్చే ముందు అక్కడి తొట్లను స్వయంగా చూసి రావడం మంచిది. పటాన్ని బయటకు ఇచ్చేటప్పుడు రోగుల ఇళ్లను చుక్కలుగా చూపకుండా వార్డు రంగును మాత్రమే ఉంచి, తొలకరికి ముందే, డెంగీ నివారణనూ చూసే మలేరియా విభాగానికి అందించాలి.